పాతకాలపు సేనాధ్వజ శిఖరములు

జెండా యనగానే మన మనస్సునకు తోచునవి వస్త్రమును, దాని రంగులును. ఆ వస్త్రమును మోయు దండమును గాని, దండము కొనయందు నిలిచియుండు లోహపు శిఖరమును గాని పరికించి చూచువారు తక్కువ. అయినను పూర్వకాలమున సేనల ముందు నడచిన జెండాలలో నేటికి మిగిలినది చాలవఱకు ఆ శిఖరమే. వస్త్రము ఎండకు వెలసి, వానకు చివికి నశించును. కఱ్ఱ చెదలపాలగును. ఇత్తడితోను, రాగితోను, వెండితోను, ఉక్కుతోను చేసిన శిఖరము మాత్రము రెండు మూడు వందల యేండ్లయినను చెక్కు చెదరక నిలుచును. దానికి ముఖ్యశత్రువు కంచరివాని మూస. పాత ఇత్తడి కొనువాడు వీధిలో కేకవేసినప్పుడు అటుకమీది వస్తువులలో ఏది తూకమునకు పోవలెను, ఏది యింట నిలువవలెను అని నిర్ణయించునది తఱచుగ ఇల్లాలే. కావుననే ఈ విషయమును సోదరీమణుల ముందుంచుచున్నాము.

పాశ్చాత్యదేశములలో సేనాధ్వజముల శిఖరములను సేకరించుట పండితులకును, వేడుకకాండ్రకును చిరకాలముగ అలవాటు. బల్లెపు మొన, గ్రద్ద, సింహము, కిరీటము, నెలవంక, చేప, చేయి — ఇట్లు వాని రూపములు పెక్కు విధములు. వానితోపాటు దండమునకు చుట్టిన త్రాళ్లు, జరీకుచ్చులు, జెండా మోయువాడు భుజమున ధరించిన పట్టెడ, దండమునకు తొడిగిన లోహపు కట్లు మొదలగునవియు సేకరింపబడుచుండును. ప్రష్యాదేశపు సేనలలో జెండాను మోయుచు మరణించిన భటుని పేరు చెక్కిన కట్టును ఆ దండమునకే తొడుగు ఆచార ముండెడిది. జానెడు లోహపు తునుకలో ఒక తల్లి కడుపుకోత దాగియుండుట కింతకన్న నిదర్శన మేమి కావలెను?

ఇట్టి వస్తువుల కథ మనకు క్రొత్తది కాదు. ఉత్తరగోగ్రహణ సమయమున అర్జునుడు ఉత్తరునకు కౌరవవీరులను చూపునప్పుడు వారి ముఖములను గుఱుతు చెప్పలేదు. వారి సిడములను గుఱుతు చెప్పెను. తిక్కన సోమయాజి విరాటపర్వములోని ఆ పద్యము తెలుగునాట బడిపిల్లల నోళ్లలో సైతము నానుచుండును. బంగారు వేదిక ద్రోణునిది. సింగపు తోక అశ్వత్థామది. పసిడి వృషభము కృపునిది. శంఖము కర్ణునిది. మణిమయమైన సర్పము దుర్యోధనునిది. ఎత్తయిన తాడిచెట్టు భీష్మునిది. ఇవి రంగుల పేర్లు కావు, రూపముల పేర్లు అని పాఠకురాండ్రు గమనింపవలెను. వేలకొలది రథములును, గుఱ్ఱములును కదలిన నేలపై దుమ్ము మింటికి లేచును. అప్పుడు రంగు కానరాదు. గాలి లేనప్పుడు గుడ్డ దండమునకు చుట్టుకొనిపోవును. మీదనున్న శిఖరము మాత్రము గాలితో నిమిత్తము లేకయే దూరమునకు కనబడును. తన నాయకు డెక్కడ నున్నాడో భటునకు తెలుపునది అదియే. అది కూలినచో సేన చెదరును. ధ్వజశిఖర మలంకారమునకై పుట్టలేదు. అవసరమునకై పుట్టి, పిమ్మట అలంకారమును సంతరించుకొనెను.

కావ్యమును విడిచి శిల్పమును చూతము. మన విజయవాడకు చేరువనున్న జగ్గయ్యపేటలో 1882వ సంవత్సరమున బర్జెస్సు దొర బౌద్ధస్తూపమును త్రవ్వించెను. అచ్చట దొరకిన పలకలలో చక్రవర్తి శిల్ప మొకటి కలదు. రాజు చేయెత్తి నిలిచియుండును. మేఘమునుండి నాణెములు రాలుచుండును. చుట్టును రాణి, కుమారుడు, మంత్రి, ఏనుగు, గుఱ్ఱము నుందురు. చక్రరత్నమును, మణిరత్నమును మాత్రము స్తంభములపై నిలిపి చూపినారు. క్రీస్తునకు పూర్వము నాటిదని పండితులు చెప్పు ఈ పలక యిప్పుడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో నున్నది. దండము కొనయందు చక్రము నిలిపి సార్వభౌమత్వమును సూచించు భావన కృష్ణాతీరమున రెండువేల యేండ్లనాడే రూపు దాల్చినదని దీనివలన తెలియుచున్నది.

వేంగి నేలిన తూర్పు చాళుక్యులు తమ తామ్రశాసనములలో రాజచిహ్నములను వరుసగ పేర్కొనిరి. వరాహలాంఛనము, నెమలిపింఛము, కుంతము, సింహాసనము, మకరతోరణము, కనకదండము, గంగాయమునలు — ఇవి అందు ముఖ్యములు. పాళిధ్వజ మను జెండాల వరుసయు వానిలో నొకటి. వారి శాసనముల ముద్రికలపై వరాహమును, అంకుశమును నేటికిని చూడవచ్చును. ఆ వరాహమునే పిదప కాకతీయులును, విజయనగర ప్రభువులును తమ చిహ్నముగ గైకొనిరి. రాజ్యములు మాఱినను చిహ్నము చేతులు మాఱి బ్రతికినది.

పిమ్మట ఉత్తరాదినుండి తురుష్క ప్రభుత్వములతో మఱికొన్ని రూపములు వచ్చినవి. అక్బరుచక్రవర్తి కాలమున అబుల్ ఫజలు రచించిన ‘అయినీ అక్బరీ’లో ఆలము, చత్రతోకు, తుమనతోకు అను ధ్వజముల వర్ణన కలదు. చమరీమృగపు తోకలను దండమునకు కట్టుట వానిలో విశేషము. పాదుషా వెడలునప్పుడు ఆయుధములతోపాటు అయిదింటికి తక్కువగాకుండ ఆలములను ఎఱ్ఱని గుడ్డసంచులలో చుట్టి కొనిపోవువారట. పండుగలయందును, యుద్ధమునందును మాత్రమే వానిని విప్పెడివారు. మొగలాయీలు గొప్ప సరదారుల కిచ్చిన బహుమానములలో మాహీ మరాతిబు శ్రేష్ఠము. అది పూతపోసిన చేప తలయును, లోహపు గుండ్లును గల ధ్వజము. ఏనుగుపై నిలిపి ఊరేగించెడివారు. హైదరాబాదు నిజాములును ఈ మర్యాద నందినవారే.

ఈ ఆలమును చూచుటకు ఢిల్లీ పోనక్కఱలేదు. మన కృష్ణాజిల్లా పల్లెలలో మొహరము దినములందు పీర్లచావడినుండి వెలువడు పీరులు అవియే. 680వ సంవత్సరమున కర్బలా రణరంగమున హజరతు హుస్సేను పక్షమున జెండా మోసి, దాహముతోనున్న పిల్లలకు నీరు తేబోయి ప్రాణములర్పించిన హజరతు అబ్బాసు జ్ఞాపకమునకై వానిని నిలుపుదురు. అయిదువ్రేళ్ల పంజా ప్రవక్త కుటుంబమునందలి యైదుగురకు గుఱుతు. హైదరాబాదునందు మహమ్మదు కులీకుతుబ్‌షా 16వ శతాబ్దాంతమున కట్టించిన బాదుషాహీ ఆషూరుఖానాలో నేటికిని ఆలములను నిలుపుచున్నారు. గోలకొండ నాటి పనితనము గల కొన్ని ఆలములకు ఇరుప్రక్కల నోరు తెఱచిన మకరములవంటి తల లుండును. యుద్ధభూమిలో పుట్టిన రూపము భక్తికి ఆలంబనమై, హిందువులును మహమ్మదీయులును కలిసి మ్రొక్కు వేల్పుగ పల్లెలలో నిలిచినది. ఇట్లు పూజలో నున్న పీరును గాని, దేవాలయపు ధ్వజమునకు చెందిన దానిని గాని ధనమిచ్చి కొనబూనుట తగదు. సేకరించువారికి ఇది మొదటి నియమముగ నుండవలెను.

ఐరోపావారి చరిత్రమునందును ఇట్టిదే కథ. రోమకుల దళములు దండముపై గ్రద్దను నిలిపి నడచెడివి. క్రీ.పూ. 53లో పార్థియనుల చేతిలో నోడి రోమకులు పోగొట్టుకొన్న గ్రద్దలను ముప్పదిమూడేండ్లకు అగస్టసు చక్రవర్తి సంధివలన తిరిగి తెచ్చుకొని, దానిని గొప్ప విజయముగ చాటించుకొనెను. నెపోలియను 1804వ సంవత్సరమున తన దళముల కిచ్చిన గ్రద్దలు కంచుతో పోసి బంగారుపూత పూసినవి. భటులు వస్త్రముకన్న ఆ గ్రద్దనే ప్రాణముగ చూచుకొనిరి. అతడు పతనమైనంతనే మరల వచ్చిన రాజవంశము వానిని నాశనము చేయ నాజ్ఞాపించెను. అధికభాగ మట్లు పోయినవి. వాటర్లూ యుద్ధమున ఆంగ్లేయులు పట్టుకొన్న రెండింటిలో నొకటి ఎడింబరో కోటలో నున్నది. మిగిలినవి కొలదివి యగుటచేతనే నేడు వాని వెల మిన్నుముట్టినది. కొలదివి యగుటచేతనే నకళ్లును మెండైనవి.

ఇక బందరుకోట సంగతి. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిరి. డచ్చివా రంతకు ముందే వచ్చియుండిరి. 1750 మొదలు 1759 వఱకు అది ఫ్రెంచివారి వశమున నుండెను. 1759 ఏప్రిలు మాసమున కర్నలు ఫోర్డు రాత్రివేళ కోటను ముట్టడించి పట్టుకొనెను. మూడు జాతుల జెండా లెగిరిన ఆ తీరమున నేడు వానిలో ఒక్క గుడ్డపీలిక మిగులకపోవుట వింతగాదు. ఆ తీరపు ఉప్పుగాలి యొక ఎత్తు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పొంగిన సముద్ర మొక ఎత్తు. నాడు ముప్పదివేలమంది మరణించిరని లెక్క. అట్టి సీమలో గుడ్డయు కాగితమును నిలుచుట దుర్లభము. నిలిచిన లోహమున కెంత విలువయో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఆంగ్లేయ సైన్యమున మొదట జెండాదండముపై బల్లెపు మొన యుండెడిది. 1858వ సంవత్సరమున దాని స్థానమున కిరీటముపై నిలిచిన సింహము వచ్చినది. కావున ఏదైన నొక శిఖరమును చూచినప్పుడు బల్లెపు మొనయా, కిరీటసింహమా యని పరిశీలించుటచే కాలమును కొంత యూహింపవచ్చును. భారతదేశము గణతంత్రమైన పిమ్మట 1950 నవంబరు 23వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారి సమక్షమున, డెహరాడూనులోని చెట్‌వుడ్ మందిరమున, మన దళములు పాత రాజుగారి ధ్వజములను గౌరవముతో విశ్రమింపజేసినవి. వానిని చింపలేదు, కాల్చలేదు, కరగింపలేదు. ఆ నీడన మన సైనికులు ప్రాణము లిచ్చినారు గనుక వానికి తగిన మర్యాద చేసినారు. కిరీటసింహమున్న చోటును అశోకుని సింహములు గైకొనినవి. గతించిన ప్రభుత్వపు చిహ్నమును ద్వేషముతో గాక జ్ఞాపకముతో భద్రపఱచు మర్యాదకు ఇంతకన్న మంచి యుదాహరణము మన దేశమున లేదు.

ధ్వజములను గూర్చి చెప్పునప్పుడు పింగళి వెంకయ్యగారిని స్మరింపక ముందునకు పోజాలము. 1876 ఆగష్టు 2వ తేదీన కృష్ణాజిల్లా భట్లపెనుమఱ్ఱున జన్మించిన ఆయన యౌవనమున బ్రిటిషు సైన్యములో చేరి బోయరు యుద్ధకాలమున దక్షిణాఫ్రికా వెళ్లిరి. సైన్యములో పరుల జెండాకు వందన మొనర్చుచుండగా మన జెండా యేది యను ప్రశ్న ఆయన మనస్సున నాటుకొనెనని చెప్పుదురు. బందరు ఆంధ్రజాతీయకళాశాలలో ఉపాధ్యాయులై, నానాదేశముల జెండాలను పరిశీలించి, 1916లో భారతదేశమునకు తగిన జెండాల నమూనాలు ముప్పదివఱకు చేర్చి పుస్తకము ప్రచురించిరి. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో కాంగ్రెసు సమావేశములు జరిగినప్పుడు ఎఱుపు ఆకుపచ్చ రంగుల జెండాను మహాత్మున కర్పించిరి. జలంధరమునుండి వచ్చిన లాలా హన్స్‌రాజుగారు రాట్నమును, గాంధిగారు తెల్లరంగును సూచించిరి. 1947 జూలై 22న రాట్నమునకు మాఱుగ అశోకచక్రము నిలిచినది. జగ్గయ్యపేట పలకపై దండము కొనయందు నిలిచిన చక్రము మన పతాకము నడుమకు వచ్చి చేరినట్లు మాకు తోచుచున్నది. వెంకయ్యగారు దాచినది లోహము కాదు, రూపముల జ్ఞానము. జాతికి జెండా కావలసినప్పుడు ఆ జ్ఞానము చేతి కందివచ్చెను. సేకరణము వట్టి వేడుకగాదనుట కిదియే తార్కాణము.

ఆ సమావేశములతో సంబంధము గల విక్టోరియా జూబిలీ భవనమునకు 1887లో శంకుస్థాపన జరిగినది. 1962లో అది ప్రదర్శనశాలయై, నేడు బాపు ప్రదర్శనశాలయను పేర బందరురోడ్డున నున్నది. 2020లో దానిని క్రొత్తహంగులతో తిరిగి తెఱచిరి. అచ్చటి కత్తులను, డాలులను, కవచములను చూచుటకు పిల్లలను తీసికొనిపోవుట మంచిది. లోహపు పనితనము కంటికలవాటైనచో ఇంటిలోని వస్తువు విలువ తెలియును.

ఇంటిలోని వస్తువును గుఱుతించుట యెట్లు? ఎస్టేటుల రద్దు శాసనము 1948లో వచ్చి జమీందారీలు పోయిన పిమ్మట ఠీవికి వాడిన లోహసామగ్రి పెక్కు దారుల చెదరినది. పాతసామానులలో దొరకు ప్రతి సింహపుతలయు ధ్వజశిఖరము కాదు. పల్లకిబొంగు కొన తొడుగులును, గొడుగు మొనలును, వింజామర పిడులును, దీపస్తంభముల శిరములును దానివలెనే యుండును. పల్లకి తొడుగు అడ్డముగ నుండుటకు చేసినది గావున మృగముఖము ముందునకు చూచును. గొట్టము చాల వెడల్పు. ధ్వజశిఖరము నిలువుగ చూచుటకు చేసినది. రెండువైపులను సమానముగ పని యుండును. దాని క్రింది గొట్టము దండము బిగియుటకు తగినంత పొడవుగ నుండి, ప్రక్కన చీల దిగు రంధ్రము లుండును. ఒక్కొకప్పుడు లోపల పాతకఱ్ఱ తునుక మిగిలియుండును. దానిని తీసి పాఱవేయరాదు. అది గొప్ప సాక్ష్యము.

నిజముగ వాడిన వస్తువు చేయి తగులు చోట్లనే అరిగియుండును. నకలు అన్ని చోట్లను ఒకేరీతిగ అరిగినట్లుండును. పచ్చదనము పైపై పూతవలె నున్నను, గొట్టములోపల లోహము క్రొత్తగ మెఱయుచున్నను, చెక్కడపు గీతలు మొద్దుగ నున్నను అనుమానింపవలెను. కథ గొప్పగ చెప్పి వెల పెంచు వర్తకునియెడ మఱింత జాగ్రత్త కావలెను.

రక్షణ విషయమున మన యాడువారి శుభ్రతయే ఒక్కొకప్పుడు అపాయ మగుచున్నది. పండుగ వచ్చినదనగానే చింతపండుతోను, నిమ్మకాయతోను, బూడిదతోను ఇత్తడిని తోమి మిలమిలలాడించుదుము. వంటపాత్రకది తగును. పాత శిఖరమున కది చేటు. ఒక్కొక్క తోముటతో చెక్కిన యక్షరములును, బంగారుపూతయు కొంచెము కొంచెముగ పోవును. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, తడి తగులని చోట నుంచిన చాలును. వానకాలము వెళ్లిన పిదప ఒకసారి విప్పి చూడవలెను. లేతపచ్చని చిలుము పొడిపొడిగ రాలుచున్నచో అది ఉప్పుచేత లోహమును తినుచున్నదని తెలిసికొని, ప్రదర్శనశాలవారి సలహా పొందవలెను. జరీకుచ్చులను మడవక, ఉతకక, వెలుతురు సోకకుండ పఱచి యుంచవలెను.

శాసనములను గూర్చి రెండు మాటలు. 1972 నాటి పురావస్తు శాసనము ననుసరించి నూరేండ్లు దాటిన ఇట్టి వస్తువులను సొంతముగ విదేశములకు పంపరాదు. వానితో వ్యాపారము చేయువా రనుమతిపత్రము పొందవలెను. పొలము దున్నునప్పుడో, పునాది త్రవ్వునప్పుడో పదిరూపాయల విలువ మించిన నిక్షేపము దొరకినచో జిల్లా కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపశాసనము చెప్పుచున్నది. దాచుటవలన వస్తువు చరిత్ర పోవుటేగాక, దొరకినవారికి చిక్కులు కలుగును.

అన్నిటికన్న ముఖ్యమైనది వస్తువుతోడి వృత్తాంతము. ఏ వంశమువారిది, ఎవరి చేతినుండి వచ్చినది, ఏ యూరిది, ఎప్పుడు నిలిపెడివారు, ఏమని పిలిచెడివారు — ఈ సంగతులు తెలియని శిఖరము తూకమునకు పోవు లోహముకన్న కొంచెమే యెక్కువ. ఇవి ఏ గ్రంథమునందును దొరకవు. అత్తగారికో, అమ్మమ్మకో తెలిసియుండును, వారితోనే పోవును. కావున ఒక చిన్న పుస్తకమున వస్తువు ఎత్తు, బరువు, దానిపైని వ్రాత, పెద్దలు చెప్పిన మాట, చెప్పినవారి పేరు, తేది వ్రాసియుంచవలెను. ఛాయాపటమును జతపఱచవలెను. పెద్దలమాట నమ్మదగినదా కాదా యని మన మప్పుడే తేల్చనక్కఱలేదు. విన్నది విన్నట్లు వ్రాసిన చాలును.

ధనముండి సేకరించువారు ఏకొందఱో. ఇంటనున్నదానిని పోనీయకుండుటకు ధన మక్కఱలేదు. పాతసామాను వాని త్రాసులోనికి ఏదైన నొక ఇత్తడిమొనను వేయబోవు ముందు దానిని త్రిప్పి క్రింద గొట్టమున్నదేమో చూడుడు. ఉన్నచో ఆ దినమున కమ్మకాన్ని ఆపి, ఇంటి పెద్దల నొక్కమాట అడుగుడు.